విజయకుమారి దాచుకున్న మాటలు

మా పాలెంలో ఎవరింటికైనా వెళ్ళి కాసేపు కూచోండి. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకి ఏ మాట ఎలా నోరు తిరగలేదో ఇట్టే తెలిసిపోతుంది. సాలమోనుగారింట్లో మజ్జిగని జమ్మిగ అంటారు. ఆ మాట పుట్టించినవాడు ఇప్పుడు రాజోలు కాలేజీలో డిగ్రీ చదువుతూ మీసం దువ్వుకుంటున్నాడు. వాళ్ళ నాన్న మాత్రం కంచం ముందు కూచుని "ఏమే, జమ్మిగ పొయ్యి" అని ఇప్పటికీ కేకేస్తాడు. ఒకసారి పెళ్ళిభోజనంలో కూడా అలాగే అడిగి, వడ్డించే కుర్రాడు తెల్లమొహం వేస్తే వాడికే బుద్ధి లేదని తిట్టి వచ్చాడు మహానుభావుడు. మేమేం తక్కువ తిన్లేదు లెండి. మా వారు ఇప్పటికీ చెప్పుల్ని పెచ్చులనే అంటారు. మా పెద్దది ముద్దుముద్దుగా అన్న మాట అది. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు.

నా పేరు భవానీదేవి. అంగన్‌వాడీలో పని చేస్తాను కాబట్టి పాలెమంతా భవాని టీచరంటారు. పై ఆఫీసు నుంచి ఒక మేడమ్‌గారు వచ్చినప్పుడల్లా పిల్లల చేత మాటలు స్పష్టంగా పలికించమని చెప్పి వెళ్తారు. అలాగేనండి అంటాను. ఆవిడకేం, కారెక్కి పోతుంది. ఇంట్లో తాత దగ్గర్నుంచి అందరూ పిల్ల పలికినట్టే పలుకుతుంటే నేనొక్కదాన్ని సెంటర్లో గొంతు చించుకుని ఏం లాభం? పైగా నిజం చెప్పాలంటే నాకూ ఆ వంకర మాటలే ఇష్టం. అవి ఉన్న ఇల్లు ఇల్లులా ఉంటుంది.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే, మంగాయమ్మగారి కోడలు విజయకుమారి గురించి చెప్పాలని. ఆ అమ్మాయిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద మండాలో మాత్రం ఈ రోజుకీ తేలడం లేదు.

విజయకుమారి పుట్టిల్లు అప్పనపల్లి దగ్గర. అప్పన్నని చేసుకుని మా పాలెం వచ్చింది. అప్పన్న వేటకి వెళ్తాడు. మంచివాడే. కానీ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. వాళ్ళ ఇల్లు అప్పట్లో సముద్రం ఒడ్డున ఉండేది. ఏటా కెరటం కొంచెం కొంచెం లోపలికి వస్తూనే ఉంది. ఇదిగో పోతాం, అదిగో పోతాం అనుకుంటూనే అందరూ అక్కడే కాపురాలు చేశారు. ఒక తుపానుకి ఆ వరస ఇళ్ళన్నీ పోయాయి. విజయకుమారి కూతురు లక్ష్మీతులసి అప్పటికి పాకుతోంది. పిల్లని చంకనేసుకుని, సామాను మూటగట్టుకుని, అత్తా కోడలూ మా సెంటరు అరుగు మీదకి వచ్చి కూచున్నారు. మంగాయమ్మగారు ఏడుస్తోంది. విజయకుమారి ఏడవలేదు. "ఈసారి లోపలికి కట్టుకుంటామండి టీచరుగారూ, కాంక్రీటుతో," అంది.

కాంక్రీటు ఇల్లంటే వేట మీద అయ్యేది కాదు. మా కోనసీమలో ఇలాంటప్పుడు ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. ఇంటి ఆడమనిషి కువైట్ వెళ్తుంది. ఖద్దామా వీసా అంటారు, అంటే అక్కడ ఇళ్ళల్లో పాచిపనికీ, పిల్లల్ని పెంచడానికీ అన్నమాట. మా పాలెంలో వీధికి ఒకరిద్దరు ఇలా వెళ్ళినవాళ్ళు ఉంటారు. విజయకుమారి పాస్‌పోర్టు వచ్చేసరికి తులసి గోడ పట్టుకుని నిలబడుతోంది. అమ్మ, అత్త అని కూడా ఇంకా రాదు. వెళ్ళే రోజు పిల్లని అత్తగారి చేతిలో పెట్టి, "దీనికి మాటలొచ్చేసరికి వచ్చేస్తానండి," అని నాతో అంది. రెండేళ్ళలో వచ్చేయాలని లెక్క.

ఎక్కడి రెండేళ్ళు! వద్దామనుకునేసరికి కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. విమానాలు తిరిగేసరికి ఇల్లు గోడల దగ్గర ఆగి ఉంది. గోడలు లేచాక శ్లాబు. శ్లాబు పడ్డాక తలుపులు. ఎప్పటికప్పుడు ఇంకొక్క ఏడాది అనుకుంటూ ఉండిపోయింది.

ఇక్కడ తులసికి మాటలు వచ్చాయి. ఆలస్యంగా వచ్చినా వచ్చినవన్నీ తిరగబడే వచ్చాయి. చేపని పేచ అనేది. పడవని పవడ. గొడుగు గొగుడు, దోమ మోద. నా సెంటర్లో ఎంతమంది పిల్లల్ని చూశానో, ఇంత చక్కగా తిరగేసే పిల్లని చూడలేదు. ఇల్లంతా అదే భాష అయిపోయింది. మాట పెగలని అప్పన్న కూడా రేవు నుంచి వస్తూ "అమ్మా, ఇయ్యాల పేచలు పడలేదే," అనేవాడు. మంగాయమ్మగారు రాజోలు బజారులో తట్ట దించి "రండమ్మా, పేచలు, పచ్చి పేచలు!" అని అరిస్తే కొనేవాళ్ళు నవ్వేవారు. "మా మనవరాలి మాటండి," అని ఆవిడ గర్వంగా చెప్పుకునేది. ఆ గర్వం చూడాలి మీరు, కలెక్టరు నాయనమ్మకి కూడా ఉండదు.

ఆ మాటల్ని ఫోన్లో రికార్డు చేసి కువైట్ పంపేవాళ్ళు. మంగాయమ్మగారికి ఫోన్ నొక్కడం రాదు. పిల్లని ఎత్తుకుని నా దగ్గరికే వచ్చేది. "టీచరుగారండీ, ఆ బటన్ నొక్కండి. ఏదే బుల్లీ, అమ్మకి చెప్పు, ఏం తిన్నావు?" "పేచ!" "ఎక్కడికెళ్ళేం?" "పవడ!" అంతే, ఆ రెండు ముక్కలూ వెళ్ళేవి. కాసేపటికి విజయకుమారి దగ్గర్నుంచి తిరుగు జవాబు వచ్చేది. "ఇంకోసారి అనిపించండి అత్తయ్యా, ఇంకొక్కసారి." ఆ పిల్ల అక్కడ వంటింట్లో గిన్నెలు తోముకుంటూ అవే పెట్టుకుని వినేదట, పొద్దస్తమానం.

తరవాతెప్పుడో, తిరిగొచ్చాక, విజయకుమారి నాతో చెప్పింది. అక్కడ మేడమ్‌కి ఒక మగపిల్లాడు పుడితే పొత్తిళ్ళల్లోనే తెచ్చి ఈమెకి అప్పగించారు. ఫహద్ అని పేరు. వాడితో ఏ భాషలో మాట్లాడుతుంది? తెలుగులోనే మాట్లాడింది. తెలుగులో కూడా తులసి తెలుగు. "నా పిల్ల నోట్లోంచి వచ్చిన మాటలు కదండీ, ఎవరితోనైనా పైకి అనాలనిపించేది. ఆడితో అనేదాన్ని. పేచ తింటావా నాన్నా, ఇదిగో గొగుడు, అని." వాడికి మాటలు వచ్చే వేళకి వాడూ పేచ అన్నాడు. వాడన్నాక వాళ్ళమ్మ అంది, వాళ్ళ నాన్న అన్నాడు, కారు తోలే డ్రైవరు కూడా అన్నాడు. "ఇప్పుడా ఇంట్లో చేపొండితే అందరూ పేచే అంటారండి. అరబ్బీవోళ్ళండి!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను, ఏం తెలిసి నవ్వానో.

ఇక్కడ జరిగింది వినండి. తులసికి వాక్యాలు కట్టడం వచ్చాక మంగాయమ్మగారు ఒక పని పెట్టుకుంది. ఫోన్లో తల్లితో మాట్లాడేటప్పుడు మర్యాదగా మాట్లాడాలని నేర్పడం మొదలుపెట్టింది. "అమ్మగారండీ, బాగున్నారాండీ, భోజనం చేసేరాండీ," అని పిల్ల చేత చిలక పలికించినట్టు పలికించేది. మా వైపు మర్యాద సంగతి తెలిసిందేగా. బస్సులో కాలు తొక్కినవాణ్ణి తిట్టినా అండీ చేర్చి తిడతాం. కానీ కన్నతల్లిని ఏ పిల్లయినా అండీ అంటుందా? నువ్వంటుంది. కోపం వస్తే ఫో అంటుంది. నేను ఉండబట్టలేక అడిగేశాను కూడా.

"ఇదేం చోద్యమండీ మంగాయమ్మగారూ, తల్లితో చుట్టాలతో మాట్లాడినట్టు?"

ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. "తప్పాండీ? దాని కష్టం మీద మేం నీడన కూచున్నామండి. కన్నపిల్లని వదిలేసి ఎవరింట్లోనో అంట్లు తోముతుందండి ఆ పిల్ల. నా చేతిలో ఇంకేముందండి దానికివ్వడానికి? మర్యాదైనా ఇవ్వొద్దాండీ?"

ప్రేమతో చేసే పిచ్చిపనికి అడ్డం చెప్పడం ఎవరి తరం? కాళ్ళకి దండం పెట్టాలో నెత్తిన మొట్టాలో తెలియక ఊరుకున్నాను. ఆవిణ్ణి మాత్రం తులసి నువ్వనే అంటుంది. మామ్మా ఇటు రావే, మామ్మా జడ వెయ్యవే అని మీద పడి దొర్లుతుంది. ఆవిడకి పిల్ల దగ్గర మర్యాద అక్కర్లేకపోయింది మరి.

తరవాత తులసిని రాజోల్లో ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు. కాంక్రీటు ఇంటి పిల్ల కదా. వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. ఒకరోజు వ్యానులో తులసి డబ్బా మూత తీసి "మా మామ్మ పేచ వేపుడు పెట్టింది," అందట. ఇక పిల్లలు పట్టుకున్నారు. పేచ, పేచ అని వీధి మలుపు దాకా ఏడిపించారు. పిల్ల ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొట్టి ఒకటే ఏడుపు. "మీరెవరూ ఆ మాట అనకండి! నేనెప్పుడూ అనలేదు! మీరే అన్నారు!" అని. మంగాయమ్మగారు దడిసిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చేప చేప అయింది, పడవ పడవ అయింది. అప్పన్న అలవాటుకొద్దీ ఒకసారి గొగుడు అంటే పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు. పెద్దవాళ్ళు నాలుక కరుచుకుని కరుచుకుని మానేశారు.

విజయకుమారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అదొక సంగతని ఎవరికి తడుతుంది? ఫోన్ చేస్తే శ్లాబు సంగతి, జ్వరాల సంగతి, బడి సంగతి మాట్లాడుకుంటారు. మీ పిల్ల పేచ అనడం మానేసింది అని ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా?

పోయిన ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో విజయకుమారి వచ్చేసింది. సెలవు మీద కాదు, ఇక వెళ్ళనని చెప్పి వచ్చేసింది. ఇల్లు పూర్తయింది, రంగులు కూడా పడ్డాయి. నేను చూడ్డానికి వెళ్ళేసరికి భోజనాల వేళ అయింది. కోడలి కోసం మంగాయమ్మగారు పొద్దున్నే రేవుకి వెళ్ళి తనే చేపలు ఏరి తెచ్చి పులుసు పెట్టింది. విజయకుమారి చిక్కిపోయింది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. పీట లాక్కుని తులసి పక్కన కూచుంది.

"నా తల్లికి పేచ పులుసు నేను తినిపించనా? ముళ్ళు తీసి పెడతాను," అంది ముద్ద కలుపుతూ.

తులసి మొహంలో రంగు మారింది. మామ్మ వైపు చూసింది. మంగాయమ్మగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పేచ కాదండి అమ్మగారూ. చేపండి," అంది తులసి మెల్లిగా. "పేచంటే నవ్వుతారండి."

విజయకుమారి పకపకా నవ్వింది. "ఒసేయ్, నీ మాటేనే అది! నువ్వే అనేదానివి!"

"నేనెప్పుడూ అనలేదండి." పిల్ల కంచం కొంచెం తన వైపు జరుపుకుంది. "నేనే తింటానండి. మీరు తినండి, అలిసిపోయి వచ్చేరు కదా."

ఆ మాట ఎంత ముద్దుగా అందనుకున్నారు! చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు, ఎంత బుద్ధిమంతురాలో అని బుగ్గలు నొక్కుకున్నారు కూడా. విజయకుమారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చివరికి తనే నోట్లో పెట్టుకుంది.

మొదట్లో కొత్త కదా, నాలుగు రోజులు పోతే అదే చేరువవుతుందని అందరం అన్నాం. నేనూ అన్నాను. వారాలు గడిచాయి. తులసి అల్లరి చెయ్యదు, ఎదురు చెప్పదు. పిలిస్తే చిత్తమన్నట్టు "ఆయ్" అని వచ్చి ఎదురుగా నిలబడుతుంది. జడ వేస్తానంటే వచ్చి కూచుంటుంది, వేయించుకోవడం అయ్యాక "వెళ్ళొచ్చాండీ," అని అడుగుతుంది. బొమ్మలు ఇస్తే తీసుకుని బీరువాలో పెట్టేస్తుంది, ఎవరి వస్తువో దాచినట్టు. పడక మామ్మ పక్కనే.

ఒక సాయంత్రం వాన దంచుతోంటే విజయకుమారి వ్యాను దగ్గరికి ఎదురెళ్ళింది. పిల్లలు బిలబిలమంటూ దిగుతున్నారు. ఈమెకి నోటి అలవాటు ఎక్కడ పోతుంది? "తులసీ, ఇదిగో గొగుడు తెచ్చేనమ్మా!" అని కేకేసింది. వ్యానులో పిల్లలందరూ గొల్లుమన్నారు. తులసి తలొంచుకుని, గొడుగు కిందకి రాకుండా, వానలో తడుస్తూ నడుచుకుంటూ ఇంటికి పోయింది. వెనక ఈమె గొడుగు పట్టుకుని పరిగెత్తింది. ఇంటికి వెళ్ళాక తల తుడవబోతే పిల్ల అందట, "రేపట్నుంచి మామ్మని పంపుతారాండీ, మీకెందుకండీ శ్రమ," అని.

మర్నాడు విజయకుమారి నా సెంటరుకి వచ్చి ఈ సంగతి చెప్పి, చిన్నపిల్లల మధ్య చాప మీద కూలబడిపోయింది. అప్పటికే రోజూ వచ్చి అలా కూచోవడం అలవాటు చేసుకుంది. నా పిల్లల్లో ఎవరైనా మాట తిరగేస్తే దగ్గరికి లాక్కునేది.

"మీ అత్తగార్ని నాలుగు దులపవేమే? ఇదంతా ఆవిడ నేర్పిన విద్యే కదా," అన్నాను కోపం పట్టలేక.

"ఏమని దులపనండి? నా పిల్లకి ఒక్క దెబ్బ తగలకుండా పెంచింది. నా ఫొటోకి రోజూ గుడ్ మానింగ్ చెప్పించేదంటండి." మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "అది నన్ను తిట్టినా బాగుణ్ణండి టీచరుగారూ. ఎందుకెళ్ళిపోయేవే అని కొట్టినా పడతాను. తిట్టదండి. దెబ్బలాడదండి. ఏదన్నా ఆయ్ అంటాది. ఆ ఆయ్ ఇంటే నాకు చచ్చిపోవాలనిపిస్తందండి."

మంగాయమ్మగారికీ అప్పటికి తెలిసొచ్చింది. పిల్లని కూచోబెట్టుకుని బతిమాలింది. నేనక్కడే ఉన్నాను. "అమ్మగారు కాదే బుల్లీ, అమ్మే. అండీ వద్దు. నువ్వనవే నా బంగారం. అమ్మ కదే." తులసి తెల్లబోయి చూసింది. "తప్పు కదే మామ్మా? నువ్వే చెప్పేవు కదే, తప్పని," అంది. ఆవిడ నెత్తి కొట్టుకుని ఏడ్చింది. గుమ్మంలో విజయకుమారి నిలబడి, ఆవిడతో పిల్ల అన్న ఆ నువ్వు వింటోంది.

చివరికి విజయకుమారి ఫోన్లో దాచుకున్న పాత మాటలు పెట్టి వినిపించింది. పేచ, పవడ, మోద అని ఆ పసిగొంతు. వెనకాల సముద్రం హోరు, మంగాయమ్మగారి నవ్వు. తులసి బుద్ధిగా అంతా విని, "ఈ పాప ఎవరండీ?" అంది. నువ్వేనే అంటే నమ్మలేదు. "నేను కాదండి. నాకు చక్కగా వచ్చండి మాటలు," అని, కావాలంటే చూడమన్నట్టు ఇంగ్లీషు పద్యం ఒకటి తప్పులేకుండా ఒప్పజెప్పింది.

అదీ అయిన కొద్దిరోజులకి కువైట్ మేడమ్ వీడియో కాల్ చేసింది. అప్పుడప్పుడు చేస్తూనే ఉంది, పిల్లాడు అన్నం తినడం లేదు, రా అని. విజయకుమారి రానని చెబుతూనే ఉంది. ఆ రోజు ఆవిడ ఫోన్ తిన్నగా పిల్లాడి ముందు పెట్టేసింది. నేను వాళ్ళ వరండాలో కూచుని ఉన్నాను, అంతా కనబడుతోంది. గుండ్రటి మొహం, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిపోయింది. విజయ అనడం రాక జయా అంటాడు. "జయా! పేచ! జయా, పేచ!" అని కంచం చూపించి ఏడుస్తున్నాడు. ముళ్ళు తీసిపెట్టే మనిషి లేదు కదా. మా పాలెంలో చచ్చిపోయిన మాట వాడి నోట్లో అచ్చం అలాగే ఉంది.

విజయకుమారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. "నాన్నా, పేచ అమ్మ పెడతాదిలే, తినెయ్, నా బాబువి కదూ," అంటోంది. అప్పుడే తులసి బడి నుంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఫోన్ వైపు చాలాసేపు చూసింది. ఫోన్ పెట్టేశాక దగ్గరికి వచ్చి అడిగింది.

"ఆ బాబు మీ బాబాండీ?"

"కాదమ్మా. నేను పనిచేసిన ఇంటి బాబు."

"మరి మీకోసం ఏడుస్తున్నాడు కదండీ." తులసి జాలిగల పిల్ల, చీమని తొక్కనివ్వదు. "పాపం కదండీ. మీరు వెళ్ళండి. ఇక్కడ నాకు మామ్మ ఉందండి."

అయ్యో, దానికేం తెలుసు! మంచిమాటే అన్నానని అనుకుంది. సంచి తీసి గోడకి తగిలించి లోపలికి పోయి, "మామ్మా, ఆకలేస్తందే," అని అరిచింది. విజయకుమారి అక్కడే కూచుంది.

మళ్ళీ వీసా మాట వినబడేసరికి నేను ఇంటి మీదకి దండెత్తాను. నోటికొచ్చినట్టు తిట్టాను. "సిగ్గుందా నీకు? పరాయివాళ్ళ పిల్లాడి కోసం కడుపున పుట్టినదాన్ని వదిలేస్తావా? రేపు వాడు పెద్దవాడైతే నువ్వెవరో వాడికి గుర్తుంటుందనుకున్నావా?"

"ఉండదండి," అంది. బట్టలు మడతపెడుతోంది, చెయ్యి ఆపలేదు. "నాకు తెలుసండి. బడికి పోతే ఆడూ మానేస్తాడు. ఆ మాటంటే ఆడికీ సిగ్గేస్తాది. అందాకా నా పిల్ల మాటలు నాతో ఒకళ్ళు మాట్లాడతారు కదండీ. ఇక్కడ నాతో ఎవరు మాట్లాడతన్నారండి? నేనుంటే దానికి ఇరుకండి. మీరు చూడ్డం లేదా? నేను లేచి పక్కగదిలోకెళ్తే దానికి ఊపిరాడతందండి."

నేను చూస్తున్నదీ అదే. ఉండు, ఇంకో ఏడాది ఓపిక పట్టు, పిల్ల పెద్దదైతే అర్థం చేసుకుంటుంది అని ఏదో గొణిగాను. నా మాట నాకే నమ్మకంగా లేదు. అప్పన్న కూడా వాడికి చేతనైనంత అన్నాడు. "ఉండిపోవే," అని ఒక్కసారి అని, వల భుజాన వేసుకుని పోయాడు. మంగాయమ్మగారు కోడలి కాళ్ళు పట్టుకోబోయింది. "నేను పోతానే ఎక్కడికైనా, మా తమ్ముడి దగ్గరికి పోతాను. నేను లేకపోతే అది నీ దగ్గరికే వత్తాది," అంది. విజయకుమారి ఆవిణ్ణి లేవదీసింది. "మీరూ లేకపోతే దానికి ఎవరూ ఉండరత్తయ్యా," అంది.

వెళ్ళే రోజు పొద్దున్నే ఎయిర్‌పోర్టు వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది. బడి ఉన్న రోజే. తులసి యూనిఫాం వేసుకుని, నున్నగా తల దువ్వించుకుని, మామ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. దానికి దిగులేం లేదు. నిజానికి ఇన్ని నెలల్లో దాని మొహం అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఆ పసిదాని మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.

విజయకుమారి వ్యాను ఎక్కి కూచుంది. అద్దం దించి తల బయట పెట్టింది.

"తులసీ, ఒక్కసారి నువ్వనవే. వెళ్ళొస్తావా అమ్మా అను. అంతే. ఇంకేం అడగను."

అందరం ఆ పిల్ల చుట్టూ చేరాం. అను తల్లీ, అను నాన్నా, ఒక్కసారి అనెయ్. మంగాయమ్మగారు భుజం పట్టి ముందుకి తోసింది. తులసి మా అందరి మొహాలూ చూసింది. పెదాలు కదిలాయి కూడా, నేను చూశాను. ఇంతమంది పెద్దవాళ్ళు ఏడుస్తూ అడుగుతుంటే ఏదో చాలా పెద్ద తప్పు చేయమంటున్నారనుకుందో ఏమో, బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది.

"వెళ్ళి రండి అమ్మగారూ," అంది. అని, తనకి తెలిసిన మర్యాదలన్నిట్లోకీ పెద్ద మర్యాద చేసింది. రెండు చేతులూ జోడించి, తల వంచి తల్లికి నమస్కారం పెట్టింది.

విజయకుమారి తనూ రెండు చేతులూ జోడించి కూతురికి తిరిగి నమస్కారం పెట్టింది.